బతికుండగానే విన్న శోకం

మా ప్రొఫెసర్‌కు ప్రపంచంలోని సంగీతమంతా తెలుసు. వినడమొక్కటే రాదు.

బెంగళూరులోని ఒక విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర నేను నాలుగేళ్లు పనిచేశాను. దేశదేశాల సంగీతాన్ని పరిశోధించే విభాగం మాది. ఊళ్లకు వెళ్లి, జనం మధ్య ఉండి, వాళ్లు ఎప్పుడు పాడతారో, ఎందుకు పాడతారో చూసి రాయడం మా పని. జనం మధ్య ఉండటమంటే ఆయన ఉద్దేశంలో నంది కొండ కింద రిసార్టులో దిగడం, టిఫినయ్యాక కారులో పల్లెకు రావడం, మధ్యాహ్నం భోజనం వేళకు వెనక్కి వెళ్లిపోవడం. ఆయన గది గోడలకు ఎక్కడెక్కడి డోళ్లో, గంటలో వేలాడుతుండేవి. ఎవరైనా వాటిని వాయించబోతే మాత్రం ఆయనకు ఒళ్లు మండేది.

నాది బాగేపల్లి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగానికి ఇంగ్లీషు. చిక్కబళ్లాపురం, చింతామణి పల్లెల్లో పాటలు చాలావరకు తెలుగులోనే ఉంటాయి. ప్రొఫెసర్‌కు కన్నడం వచ్చు, తెలుగు రాదు. అందుకని నన్ను పెట్టుకున్నాడు. కాగితం మీద సహాయ పరిశోధకుణ్ణి. చేసేది మాత్రం మైకు మోయడం, బ్యాటరీలు మార్చడం, పాటలను ఇంగ్లీషులో పెట్టడం, ఆయనకు చక్కెర లేని కాఫీ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం.

ఆయన ఎప్పుడూ ‘అసలైనది’ కావాలనేవాడు. ఒకసారి గుడిబండెలో చెక్కభజన జట్టును పిలిపించాం. అందరూ పొలాలు చేసుకునేవాళ్లు. మా మామ వయసువాళ్లు. జట్టంతా ఒకే రంగు క్రికెట్ చొక్కాలు వేసుకుని ఉత్సాహంగా వచ్చారు. ప్రొఫెసర్ ముఖం చిట్లించి, “వీళ్లకు అసలైన బట్టలు లేవా?” అన్నాడు. నేను దాన్ని తెలుగులో అడిగాను. జట్టు పెద్ద తన చొక్కా వంక చూసుకుని నొచ్చుకున్నాడు.

“నిజమేనప్పా, ఇది డూప్లికేటే. సంతలో కొన్న్యాం. అసలుదైతే మాకు యాడ దొరుకుతాది?”

చివరికి వాళ్లను చొక్కాలు విప్పించి, గడియారాలు తీయించి, పంచెల మీద ఆడించాం. చలికాలం పొద్దున అది. విప్పమన్నది ప్రొఫెసరే అయినా చెప్పింది నా నోరు. కారెక్కాక ఆ డూప్లికేట్ మాట ఆయనకు ఇంగ్లీషులో చెప్పి నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అలా చింతామణి వైపు తిరుగుతున్న రోజుల్లోనే మా నాన్నకు పక్షవాతం వచ్చింది. చిక్కబళ్లాపురం ఆస్పత్రిలో చేర్చారని అమ్మ ఫోన్ చేసింది. ఈ వారం పని అయిపోతే వస్తానన్నాను. పని అయింది. ఇంకో వారం పని వచ్చింది. నాన్నను ఇంటికి తెచ్చారు. నేను ఊరు చేరేటప్పటికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు.

తల దగ్గర మా వీధి చివరింటి అవ్వ కూర్చుని శోకం తీస్తోంది. ఆమె మాకు దూరపు చుట్టం. చుట్టుపక్కల ఏ ఊళ్లో చావు జరిగినా ఆమె వచ్చేదాకా ఎదురుచూస్తారు. శోకం తీయడమంటే ఊరికే ఏడవడం కాదు. పోయిన మనిషి బతుకంతా, పడ్డ కష్టమంతా, ఎవరు చూశారో ఎవరు చూడలేదో, అన్నీ రాగంలో పెట్టి అందరి ముందూ చెప్పడం. దానికామె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. మా నాన్న బోరు వేయించి నీళ్లు పడని సంగతి, ఆ బాధలో రెండు రోజులు అన్నం ముట్టని సంగతి, నాకే తెలియనివి, ఆమె చెబుతోంది. పక్కన అమ్మ గోడకు తల ఆనించుకుని ఏడుస్తోంది.

నాకు ఏడుపు రాలేదు. ఆ గొంతు ఎక్కడ ఎత్తుకుంటోందో, ఎక్కడ విరుగుతోందో, ఎన్ని స్వరాల మధ్య తిరుగుతోందో మనసులో గుర్తు పెట్టుకుంటున్నాను. కాసేపటికి నా చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. ఫోనులో రికార్డు నొక్కాను. మా నాన్న శవం పక్కన కూర్చుని ఆ పని చేశాను. అలాంటి కొడుకు ఇంకెవరింట్లోనైనా కనబడి ఉంటే మొహం మీద ఉమ్మేసేవాణ్ణి.

కర్మలయ్యాక బెంగళూరు వెళ్లి ఆ రికార్డు ప్రొఫెసర్‌కు వినిపించాను. ఎవరి చావని చెప్పలేదు. ఆయన కళ్లు మూసుకుని, వేలు పైకెత్తి, తల ఊపుతూ విన్నాడు. విన్నాక కళ్లు తెరిచి, “అమూల్యం. కానీ వెనకాల ఇంకో గొంతు అడ్డం వస్తోంది. ఆవిడకు శ్రుతీ లేదు, పాడూ లేదు. ఎవరావిడ?” అన్నాడు.

“ఎవరో చుట్టం సార్,” అన్నాను.

ఆ గొంతు మా అమ్మది.

“ఆవిడ లేకుండా మళ్లీ రికార్డు చేద్దాం,” అన్నాడు ప్రొఫెసర్.

నెల తిరక్కుండానే మా ఊరికి వచ్చాం. అవ్వ తన బండల మిద్దె నడవలో కూర్చుని వేరుశనగ కాయలు వొలుస్తోంది. ప్రొఫెసర్ కుర్చీలో కూర్చున్నాడు. కాఫీ తెమ్మంటానని అవ్వ అంటే, చక్కెర వద్దని నా చేత చెప్పించాడు. నేను వచ్చిన పని చెప్పాను.

అవ్వ చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. “శోకం తీసి సూపియ్యల్లా? ఎవురు సచ్చినారు?”

“ఎవరూ పోలేదవ్వా. ఊరికే, రికార్డు చేసుకునేకి.”

“ఊరికే ఏడ్సేకి నాకేమన్నా తిక్కా? పీనుగ లేకుండా శోకమెట్లొస్తాది? ఎవురన్నా పోయినప్పుడు రమ్మను మీ సారును.”

నేను అది కన్నడంలో చెప్పాను. ప్రొఫెసర్ కాస్త ఆలోచించి, కన్నడంలోనే నన్నడిగాడు: “ఈ ఊళ్లో ఎవరైనా బాగా జబ్బుగా ఉన్నారా?”

ఆ అడగడం కూడా బస్సు ఎన్నింటికుందో కనుక్కుంటున్నట్టే ఉంది. అవ్వకు కన్నడం అర్థం కాదని ఆయన ధీమా. పింఛను కోసం బాగేపల్లి తాలూకా కచేరీకి తిరిగి తిరిగి, అక్కడి గుమాస్తాలతో కన్నడంలో పోట్లాడి గెలిచిన మనిషి ఆమె. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. కాయలు వొలుస్తూనే ఉంది.

జబ్బువాళ్లెవరూ లేరని చెప్పాను. అయితే ఒక దిండు పడుకోబెట్టి, దాని మీద దుప్పటి కప్పి, అది మనిషనుకుని పాడమందామన్నాడు. ఈ మాట అవ్వకు చెప్పడానికి నాకే నోరు రాలేదు. అయినా చెప్పాను.

“దిండుకు ఏడ్సేకి నేనేమన్నా పసిబిడ్డనా?” అంది. చాట పక్కకు పెట్టి నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. “మనిషి కావల్ల. నువ్వు పండుకో. నీకైతే ఏడుస్తా.”

బతికున్నవాడికి శోకం తీస్తే చావును పిలిచినట్టేనని మా ఊళ్లో భయం, నాకూ ఆ భయమే పట్టుకుంది. ఇలాంటి వాటి మీద నమ్మకం లేదని క్లాసుల్లో గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి. ప్రొఫెసర్‌కు చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. వెంటనే మైకు స్టాండు విప్పడం మొదలుపెట్టాడు. నన్ను, నీకు అభ్యంతరమా అని కూడా అడగలేదు. అడిగి ఉన్నా నేను లేదనే అనేవాణ్ణి. అదీ నా స్థాయి.

నడవలో చాప వేశారు. పక్కింటి మిక్సీ ఆపించాడు. వాకిట్లో కోళ్లను తోలించాడు. అవ్వ గులాబీపూల దుప్పటి తెచ్చింది. తెల్లది లేదా అని ప్రొఫెసర్ సైగ చేశాడు.

“తెల్లగుడ్డ నిజంగా సచ్చినప్పుడు కప్పుతాం. ఇప్పటికిది సాలు,” అని అవ్వ నన్ను పడుకోబెట్టి తల దాకా కప్పింది.

దుప్పటి కింద వేరుశనగ పొట్టు వాసన. కాళ్ల దగ్గర ప్రొఫెసర్ కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటున్న చప్పుడు. అవ్వ నా తల దగ్గర కూర్చుంది. తర్వాత ఆమె చెయ్యి నా నుదుటి మీద పడింది. గొంతు ఎత్తింది.

“పోతివా నాయనా, పోతివా నా కొడకా,
పెద్ద సదువు సదివితివి, పెండ్లన్నా కాకుండా పోతివా.
మీ నాయన మంచాన పడితే యాడుంటివి నాయనా,
నీళ్లు నీళ్లని నాలిక తడారితే యాడుంటివి,
ఎవురింటి పాటలు ఏరుకుంటాంటివి నా కొడకా.”

మొదట్లో ఇదేదో మామూలు వరస అనుకున్నాను. తర్వాత గొంతు కాస్త తగ్గించి, నా కాళ్ల వైపు తిరిగినట్టుంది.

“నిన్ను తీసకపోయే యముడు కాళ్లకాడ కుచ్చున్నాడు నాయనా,
సెవులకు దొప్పలు పెట్టుకోని కుచ్చున్నాడు నా కొడకా.
పీనుగ లేసేలోపల సక్కెర లేని కాపీ అడిగినాడు,
ఊర్లో జబ్బు ఎవురికుండాదని అడిగినాడు నాయనా.”

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. అవతల ఆయన పారవశ్యంతో ఊగుతున్నట్టు కుర్చీ కిర్రుమంటోంది. తనను రాగంలో తిడుతుంటే దానికి తలూపే మనిషిని నేను మరెక్కడా చూడలేదు. ఆ సంతోషం నాకు ఎంతోసేపు మిగల్లేదు.

“మీ నాయన తలకాడ కుచ్చుంటివి, కన్ను తడి కాకపాయె నాయనా.
సెయ్యి జేబుకు పాయె, జేబులో దీపమెలిగె నా కొడకా.
సొక్కా గుడ్డలోనుంచి ఆ ఎలుగు నేను సూస్తి,
మీయమ్మ మొగం సూసి సూడనట్లు ఊరకుంటి.
నా ఏడుపు దొంగిలిస్తివే నాయనా,
మీయమ్మ ఏడుపూ దొంగిలిస్తివే నా కొడకా.”

ఎవరూ చూడలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఏడుస్తూ, పాడుతూ, మా నాన్న బతుకును ఒక్కో మాటగా పేరుస్తూ, ఆమె నా జేబులో వెలుగును కూడా చూసింది. ఆ వాకిట్లో నిజంగా అన్నీ గమనించిన మనిషి ఆమె ఒక్కతే. పరిశోధకుణ్ణని పేరు మాత్రం నాది.

నాన్న పోయాక మొదటిసారి నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఒళ్లంతా వణుకుతోంది. దుప్పటి కదులుతోందని, కదలొద్దని, ప్రొఫెసర్ నా పాదం మీద రెండుసార్లు తట్టాడు.

పాట ఆగింది. అవ్వ దుప్పటి లాగేసి, నన్ను రెక్క పట్టి లేపింది. నా ముఖం చూసింది. ప్రొఫెసర్ హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించి, “అద్భుతం. మధ్యలో ఒక కోడి కూసింది. ఇంకోసారి చేద్దామని చెప్పు,” అన్నాడు నాతో.

నేను చెప్పే పని లేకపోయింది. అవ్వ ఆయన వైపు తిరిగి, కచేరీలో మాట్లాడేంత శుభ్రమైన కన్నడంలో అంది: “ఒక మనిషిని రెండుసార్లు చంపరు సార్. ఇంకోసారి కావాలంటే మీరు పడుకోండి.”

ప్రొఫెసర్ నోరు తెరుచుకుంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, “ఈవిడకు కన్నడం వచ్చని నువ్వు ముందే చెప్పాల్సింది. నోట్సులో రాసుకోవాలి,” అన్నాడు. జబ్బువాళ్ల గురించి అడిగిన మాట ఆయనకు గుర్తున్నట్టే లేదు. సామాను సర్దుకుని భోజనం వేళకు రిసార్టుకు వెళ్లిపోయాడు.

అవ్వ నన్ను వాకిట్లోకి తీసుకుపోయి చావు మైల పోవాలని బిందెడు నీళ్లు నెత్తిన పోసింది. బతికున్నవాడికి శోకం పెట్టారన్న మాట అప్పటికే వీధంతా పాకింది. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

“ఒక్కగానొక్క బిడ్డ. ఏమని ఏడిస్తివి వానికి? నీకు మేమేం సేసినాం?” అని అవ్వ మీద విరుచుకుపడింది.

“నీ కొడుకే పండుకున్న్యాడు కదమ్మా. ఏమని ఏడిస్తినో వాణ్ణే అడుగు.”

ఇంటికి వెళ్లాక తలంటి పోసి, దిష్టి తీసి, అమ్మ అడగనే అడిగింది. దాచలేకపోయాను. ఫోను తీసి నాన్న పోయిన రోజు రికార్డు పెట్టాను. అమ్మ గుమ్మం మీద కూర్చుని, చీర చెంగు గుప్పిట్లో పట్టుకుని చివరిదాకా విన్నది. వెనక గొంతు తనదేనని మొదట తెలియలేదు. తెలిశాక ముఖం పక్కకు తిప్పుకుంది.

“దీన్ని ఆయప్ప, మీ సారు, ఇన్న్యాడా?”

“విన్నాడు.”

“వెనక ఏడుస్తాండేది ఎవురన్న్యాడా?”

“అన్నాడు.”

“ఏమని సెప్పినావు?”

నేను నేల చూపులు చూశాను. అమ్మ రెట్టించలేదు. “తీసెయ్,” అని ఒక్కమాట అని లోపలికి వెళ్లి పొయ్యి మీద సంగటి కెలకసాగింది. ఆమె చూస్తుండగానే తీసేశాను. ప్రొఫెసర్ కంప్యూటర్లో ఇంకో ప్రతి ఉందన్న సంగతి మాత్రం చెప్పలేదు. తర్వాత ఆ ప్రతి తీసేయమని ఆయన్ను అడిగాను. దానికి ఆర్కైవులో నంబరు పడిపోయిందనీ, ఇక అది విశ్వవిద్యాలయం సొత్తనీ అన్నాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

కొత్త రికార్డుకు అనువాదం రాయమన్నాడు. ఉన్నదున్నట్టు రాసే ధైర్యం లేదు నాకు. ఆయన్ను తిట్టిన భాగం కోసం కాదు. జేబులో దీపం కోసం. కూర్చుని అంతా కొత్తగా అల్లాను. ‘ఓ తండ్రీ, చల్లని చెట్టువు నీవు, నీ నీడ కోల్పోయాం’ అని ఎవరికైనా, ఎక్కడైనా సరిపోయే చచ్చు వాక్యాలు. ప్రొఫెసర్ చదివి పొంగిపోయాడు. తాను ఎప్పటి నుంచో చెబుతున్నది ఇదేనన్నాడు: జానపద శోకంలో వ్యక్తి ఉండడు, అందరికీ ఒకే పాట, నూరేళ్లయినా మారని పాట.

ఆ మాటే బెంగళూరులో ఒక పెద్ద సదస్సులో చెప్పాడు. తెర మీద అవ్వ గొంతు ఎత్తుపల్లాలు రంగురంగుల గీతలుగా పోతున్నాయి. కింద నా చెట్టు, నా నీడ. హాలంతా విదేశీయులు, పట్టు చీరలు, మెడలో పేరు బిళ్లలు. అందరూ కళ్లు మూసుకుని వింటున్నారు. నేను ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డాను.

పాట అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. రిటైరైన టీచరునని చెప్పుకుంది. ఇంగ్లీషులో మాట్లాడింది, నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు.

“నాది అనంతపురం వైపు. ఇది నాకు ఇంటి భాష. ఇందులో చెట్టూ లేదు, నీడా లేదు. చెవులకు దొప్పలు పెట్టుకుని చక్కెర లేని కాఫీ అడిగిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఊళ్లో ఎవరికి జబ్బని ఆయన అడిగాడట. తండ్రి శవం దగ్గర జేబులో ఫోను వెలిగించిన ఒక కొడుకున్నాడు. ఈ అనువాదం ఎవరు చేశారో తెలుసుకోవచ్చా?”

నేనేనని చెయ్యెత్తాను. ఆవిడ నా వైపు చూసింది. ఆ కొడుకెవరో ఆమెకు తెలిసిపోయిందనిపించింది. ఇంకేమీ అడక్కుండా కూర్చుంది.

ఇక ఈయన పని అయిపోయిందనుకున్నాను. నాతో పాటు మునుగుతాడని లోలోపల సంతోషించాను కూడా. ప్రొఫెసర్ ఒక్క క్షణం తడబడ్డాడు, అంతే. తర్వాత నవ్వాడు. “చూశారా! గాయని పరిశోధకుణ్ణే పాటలోకి లాక్కుంది. నేను చెబుతున్నది సరిగ్గా ఇదే,” అన్నాడు. అయిదు నిమిషాల ముందు దానికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పిన మనిషి. జనం చప్పట్లు కొట్టారు. అదే జనం, అవే చేతులు.

బయటికొచ్చాక కాఫీ కప్పుతో నా దగ్గరికొచ్చి, “నీ మీద నాకు కోపం లేదు. తండ్రి చావు దగ్గర రికార్డు చేసినప్పుడు నీకేమనిపించిందో రెండు పేజీలు రాసివ్వు. తర్వాతి వ్యాసంలో పెడతాను,” అన్నాడు. ఆయనకు సిగ్గనేది లేదని అప్పటిదాకా అనుకున్నాను. సిగ్గు పుట్టే చోటే లేదని ఆరోజు తెలిసింది. నేను రెండు పేజీలు రాయలేదు. నాలుగు వాక్యాలు రాశాను, ఉద్యోగం మానుకుంటున్నానని. అది చదివి, “దీన్ని అనుబంధంగా వాడుకోవచ్చా?” అని అడిగాడు. జవాబివ్వకుండా వచ్చేశాను.

ఇప్పుడు చింతామణిలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. బెంగళూరు వదిలి వచ్చిన వారంలోనే అవ్వను చూడటానికి వెళ్లాను. చేను గట్టున గడ్డి కోసి మోపు కడుతోంది. జరిగినదంతా చెప్పాను, నా దొంగ అనువాదంతో సహా. ఆమె పట్టించుకున్నది ఒక్కటే.

“అంతమంది ఇన్న్యారు కదా. ఎవురన్నా ఏడ్సినారా?”

“లేదవ్వా. చప్పట్లు కొట్టినారు.”

“సప్పట్లా?” నేను ఎగతాళి చేస్తున్నానేమోనని నా ముఖంలోకి చూసింది. కాదని తెలిశాక పక్కకు తిరిగి ఉమ్మేసింది. “శోకానికి సప్పట్లు కొట్టేవోళ్లు ఉండారా నాయనా! వాళ్లిండ్లల్లో ఎవురూ సావరా?”

కొడవలి నడుముకు దోపుకుంది.

“నిలబడి సూసింది సాలుగానీ, పట్టు. ఈ మోపెత్తు.”

వంగి మోపు ఆమె తల మీదికెత్తాను. అనుకున్నదానికంటే చాలా బరువుంది. ఆమె మెడ సర్దుకుని, ఆవులు ఎదురుచూస్తుంటాయంటూ గట్టు వెంబడి ఇంటి వైపు నడిచింది.